సుందరాబాయి గేటు చెకింగ్

అశోక్ చౌక్ నుంచి లోపలికి వచ్చే ఆ రోడ్డు మీద సుందరాబాయి నోట్లో పడకుండా దాటిపోయిన మనిషి లేడు. పొద్దున ఏడింటికి గడప ముందర గోనెపట్టా పరుచుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుందంటే మళ్లీ మధ్యాహ్నం అన్నానికే లేవడం. చాటలో కత్తిరించిన ఆకు, ఒక మూల జర్దా, పక్కన దారం ఉండ. బీడీలు చుట్టే పని వేళ్లది. కళ్లకూ నోటికీ వేరే పనేమీ లేదు గనుక అవి రోడ్డు మీద పడతాయి.

“ఓ పెద్దమనిషీ! సైకిల్‌కు గంట పెట్టింది మోగించెటందుకు, దసరాకు బొట్టు పెట్టెటందుకు కాదు!”

“ఏమే పిల్లా, ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం. నిద్ర లేచినవా, ఇంకా లేవలేదా?”

ఎవరూ కోపగించుకోరు. కోపగించుకుంటే ఇంకో రెండు మాటలు ఎక్కువ పడతాయని అందరికీ తెలుసు.

ఆమెకిప్పుడు అరవై ఒకటి. పుట్టింది సోలాపూర్‌లోనే. అయినా మీ ఊరేదంటే, ఎన్నడూ కంటితో చూడని సిద్దిపేట పేరే చెబుతుంది. పద్దెనిమిదో ఏట బాలయ్యను చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. బాలయ్య ముందు గదిలో మగ్గం మీద చద్దర్లు నేసేవాడు, ఆమె గడప దగ్గర బీడీలు చుట్టేది. ఇద్దరి మధ్య ఒక గోడ, టకటకమనే మగ్గం. ఆ చప్పుడులో మొగుడికి వినపడాలని గొంతు పెంచింది. తర్వాత మగ్గం ఆగిపోయింది, బాలయ్య పోయి కూడా ఎనిమిదేళ్లయింది. పెంచిన గొంతు మాత్రం తగ్గలేదు.

నలభై మూడేళ్లుగా ఆమె రోజూ బీడీలు పట్టుకుపోయి కార్ఖానాలో ఇస్తోంది. అక్కడ చెకర్ అని ఒకడుంటాడు. కట్ట విప్పి, బీడీలు అటూ ఇటూ తిప్పి చూసి, నచ్చనివాటిని ‘ఛాట్’ అంటూ పక్కకు పారేస్తాడు. పారేసినవి పారేసినట్టే, ఆ చాకిరీ నీళ్లపాలు. ఇన్నేళ్లలో ఆరుగురు చెకర్లు మారారు. ఆరుగురినీ ఆమె ఒకే తిట్టు తిట్టింది. “ఒక్క బీడీ చుట్టరాదు, మంది బీడీలకు వంక పెట్టుడు మాత్రం బాగొస్తది!” అని. కానీ నిజం చెప్పుకోవాలంటే, ఒక్కరోజైనా ఆ కుర్చీలో తాను కూర్చుని ఇంకొకరి పనికి వంక పెట్టాలని ఆమెకు లోలోపల మహా ఆశ. ఆ ఆశ తీరే రోజు కోడలి వల్ల వచ్చింది.

కోడలు శీతల్. ఒక్కగానొక్క కొడుకు సంతోష్ భార్య. సంతోష్ టవళ్ల పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు, పెద్దగా మాట్లాడడు. తల్లి అంతా మాట్లాడేశాక అతనికి మిగిలేదేముంది పాపం! శీతల్ చురుకైన పిల్ల, మంచి పిల్ల, ఒక్క బీడీ దగ్గరే తేలిపోయింది. పెళ్లయిన కొత్తలో ఏడాదిపాటు అత్త పక్కన కూర్చుని చుట్టింది. ఆమె చుట్టిన బీడీకి మూతి కుదిరితే నడుము కుదిరేది కాదు, నడుము కుదిరితే దారం నిలిచేది కాదు. ఆమె కట్టను చెకర్ విప్పకుండానే ఛాట్‌లో వేసేవాడు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చేది.

ఏడాది తిరిగాక ఒకరోజు, “అత్తా, నా చేతులు ఆకుకు పనికిరావు. బండికి పనికొస్తయేమో చూస్త,” అంది. అన్నట్టే డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, ఆటో తీసుకుంది. ఇప్పుడు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీల ఆడవాళ్లను ఎక్కించుకుని కార్ఖానాకు, కార్ఖానా నుంచి మళ్లీ ఇళ్లకు తిప్పుతుంది. ఆటో ఎక్కిన నాటి నుంచి ఆ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ సంగతి సుందరాబాయి పైకి అనలేదు గానీ బాగా గమనించింది.

చిక్కల్లా ఆటోను నిలపడం దగ్గర వచ్చింది. ఇంటి ముందు రోడ్డు మీదే పెట్టేవాళ్లు. పక్క అద్దం రెండుసార్లు విరిగింది. మూడోసారి ఎవడో టెంపో వెనక్కి తీస్తూ ముందు చక్రాన్నే వంకర చేసి పోయాడు. బాగయ్యేదాకా నాలుగు రోజులు ఆడవాళ్లు వేరే ఆటోలో పోయారు, అందులో ఇద్దరు మళ్లీ రానేలేదు. “ఇంకొక్కపారి గిట్లయితే అమ్మేసుడే,” అంది శీతల్. అమ్మితే ఏముంది? మళ్లీ చాట, మళ్లీ ఆకు, మళ్లీ గోడవైపు తిరిగి ఏడుపు.

“ముందలి అర్ర ఉత్తగ ఉండంగ రోడ్డు మీద ఎందుకే? గోడ పగలగొట్టి లోపల పెట్టుకో,” అంది సుందరాబాయి.

ముందు గదంటే బాలయ్య మగ్గం గది. ఆయన కాళ్లు పెట్టుకుని కూర్చున్న మగ్గం గుంత ఇంకా అలాగే ఉంది. దాన్ని పూడ్చడమంటే అత్త మనసు కష్టపడుతుందేమోనని శీతల్ నసిగింది. “ఆయన పోయిన కాంచి ఆ గుంతల బొద్దింకలు కాపురం చేస్తున్నయి. వాటి కోసం ఏడువాల్నా నేను?” అని అత్త తేల్చేసింది. గుంత పూడింది. రోడ్డువైపు గోడ పోయి రెండు రెక్కల ఇనుప గేటు వచ్చింది. రోడ్డు మీదికి దిగడానికి సిమెంటు వాలు పోశారు. సంతోష్ గేటుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

కొబ్బరికాయ కొట్టిన చెయ్యి ఆరకముందే గొడవ మొదలైంది. ఆటో గేటులోంచి ముక్కు బయటపెట్టిందో లేదో, కుడివైపు నుంచి వచ్చిన పాల టెంపో కీచుమని ఆగింది. క్యాను ఒకటి దొర్లి రోడ్డంతా పాలు. వీధి కుక్కలన్నిటికీ పండగే పండగ! టెంపోవాడు అరిచాడు, సుందరాబాయి ఇంకా గట్టిగా అరిచి గెలిచింది. గెలిచి ఏం లాభం? వాడు తిన్నగా వార్డు ఆఫీసుకు పోయి అర్జీ రాసిచ్చాడు.

మూడో రోజు ఇంజినీరు వచ్చాడు. పేరు ఋషికేశ్. ఇస్త్రీ చొక్కా, చేతిలో టేపు, చంకలో ఫైలు. వస్తూనే మరాఠీలో మొదలుపెట్టాడు. సుందరాబాయి అతని ముఖంలోకి తేరిపార చూసి, “ఏ ఇంటి పిలగానివి నువ్వు?” అంది. ఇంటిపేరు చెప్పాడు. “మనోడివే! మరి నాతోని గా మరాఠీ ఏంది?” అని ఎగిరింది. పాపం అతనికి తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడబోతే సగంలో మరాఠీ వచ్చి పడుతుంది, పిన్నీ అనబోయినా మావశీ అనే వస్తుంది.

“మావశీ, ఐకా, జర వినండి. మీ గేటు రోడ్డుకు ఏక్‌దమ్ ఆనుకోని ఉన్నది. బండి బయటికి తీసేటప్పుడు డ్రైవర్‌కు రెండు దిక్కుల రోడ్డు దూరం దాకా కనపడాలె. వచ్చేటోనికి బ్రేకు కొట్టే టైమ్ ఉండాలె. లేదంటే గేటు మూసి మళ్ల గోడ కట్టాలె. నేను నోటీసు ఇయ్యవలసి వస్తది.”

గోడ అనేసరికి శీతల్ ముఖం పాలిపోయింది.

“టైమ్ ఉన్నదో లేదో నీకెట్ల ఎర్క? గిట్ల వచ్చి గట్ల పోతే తెలుస్తదా?” అంది సుందరాబాయి.

అదే తన బాధ కూడానన్నాడతను. వార్డు మొత్తానికి ఒక్కడే, ఒక గేటు ముందర రోజంతా నిలబడే తీరిక లేదు. “ఒక వారం మీరే చూసి పెట్టండి మావశీ. ఏ దిక్కు నుంచి ఏ బండ్లు వస్తున్నయి, కనపడ్డంక గేటు దాకా వచ్చెటందుకు ఎంతసేపు పడ్తది. వచ్చే గురువారం పదకొండుకు నేను వస్త. మీరు చెక్ చేసి పెట్టండి, బస్.”

చెక్! ఆ మాట చెవిన పడగానే సుందరాబాయి వెన్ను నిటారైంది. “చేస్త. ఫికర్ చేయకు,” అంది, ఏదో ఉద్యోగం చేతికొచ్చినంత దర్జాగా. అంతదాకా హారన్ కొట్టుకుంటూ మెల్లగా బయటికి తీయమని శీతల్‌కు చెప్పి ఇంజినీరు వెళ్లిపోయాడు.

సెకన్లూ నిమిషాలూ సుందరాబాయికి పడవు. గోడ గడియారం లోపల వంటింట్లో ఉంది. లేచి పోయి చూసొచ్చేలోగా బండి అశోక్ చౌక్ దాటుతుంది. ఆమెకు చేతనైన కొలత ఒక్కటే, బీడీ. కుడివైపు మలుపులో పిండి గిర్నీ ఉంది. అక్కడ బండి కనపడగానే ఆకు చేతిలోకి తీసుకునేది. బండి గేటు ముందుకు వచ్చేసరికి చెయ్యి ఎంతదాకా వచ్చిందో అదే లెక్క. నడిచే మనిషికి మూడు బీడీలు. సైకిల్‌కు ఒకటి, మూతి ముడవడంతో సహా. ఆటోకు సగం. సిటీ బస్సుకు, జర్దా పరిచి ఒక చుట్టు తిప్పేంత. మోటారు సైకిళ్ల కుర్రాళ్లు మాత్రం ఆకు అందుకోకముందే గేటు దాటేవాళ్లు. “ఏంరా, పెండ్లి ముహూర్తం దాటిపోతున్నదా?” అని వాళ్ల వెనక అరిచేది.

బండ్లన్నిటినీ రెండు రకాలు చేసింది. బుద్ధిగా పోయేవి మంచివి, మిగతావి ఛాట్. ఛాట్ అయిన ప్రతి బండికీ ఒక ఆకు తునక గిన్నెలో వేసేది. మొదటి రోజు సాయంత్రానికే గిన్నె నిండి పొర్లింది. ఈ కబురు ఆటో స్టాండుకు పాకింది. గడప దగ్గరి ముసలమ్మ బండ్లను చెక్ చేస్తోందట, పైనుంచి ఆర్డరట, పేర్లు రాసుకుంటోందట! ఆమెకు సంతకం తప్ప ఒక్క అక్షరం రాయరాదని పాపం వాళ్లకేం తెలుసు? మూడో రోజు నుంచి ఆమె ముందర ఆటోలు పెళ్లి ఊరేగింపులో పోయినట్టు పోసాగాయి. ఒక సిటీ బస్సు డ్రైవరైతే కిటికీలోంచి తల బయటపెట్టి, “మావశీ, మై పాస్ క్యా?” అని అడిగాడు.

“నువ్వు పాసే! నీ బస్సు పొగ ఛాట్!”

ఈ సంబరంలో ఆమె సొంత పని చెడింది. కళ్లు రోడ్డు మీద, లెక్క వేళ్ల మీద పెట్టాక బీడీ ఎలా కుదురుతుంది? నలభై మూడేళ్లలో ఎన్నడూ లేనంత ఛాట్ ఆ వారంలో పడింది. కార్ఖానాలో చెకర్ కూడా బిత్తరపోయి, “ఏంది బాయీ, పానం బాగలేదా?” అన్నాడు. “నేను గూడ చెకర్‌నే ఇప్పుడు. పని మస్తు పడ్డది,” అంది, తలెత్తుకుని.

ఎడమవైపు అశోక్ చౌక్ దాకా రోడ్డు సాఫీగా ఉంది, అనుమానమే లేదు. కుడివైపే పక్కింటి గంగాధర్ వెదుళ్లు. గంగాధర్ నూలుకు రంగులేస్తాడు. రంగేసిన నూలు కట్టలను, అదే లడీలను, ఇంటి ముందర, రోడ్డు వెంబడి కట్టిన వెదుళ్ల మీద ఆరేస్తాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఆరేస్తున్నాడు. ఎరుపు వేసిన రోజు ఎర్ర పరదా, పచ్చ వేసిన రోజు పచ్చ పరదా. మనిషి పొట్టి గనుక వెదుళ్లను కూడా తన తల ఎత్తులోనే కట్టుకున్నాడు.

“అవ్వా, గా లడీలు అడ్డం కావా?” అన్నాడు ఒకరోజు సంతోష్. ఆ నెలలో అతను అడిగిన ప్రశ్న అదొక్కటే.

“ఏం అడ్డం? గిర్నీ కాడ తిరిగే చక్రం చక్రం కనపడ్తున్నది నాకు. నీ కండ్లు ఎవరికన్న చూపించుకోపో!”

నిజంగానే ఆమెకు కనపడుతోంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. శీతల్ అక్కడే ఆటో తుడుస్తూ ఉంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది.

బుధవారం నాడు సుందరాబాయి బీడీల గంపతో కార్ఖానాకు బయలుదేరింది. రోజూ ఆటో రోడ్డు మీదికి వచ్చాక ఎక్కేది. ఆ రోజు లోపలే ఎక్కి, ముందు సీట్లో శీతల్ పక్కన ఇరుక్కుని కూర్చుంది. “రేపు సాయబ్‌కు లెక్క చెప్పాలె గద. బండిలకెల్లి గూడ ఒకపారి చూసి పెట్టుకుంట,” అంది.

హారన్ మీద చెయ్యి పెట్టి శీతల్ ఆటోను వాలు మీదికి తెచ్చింది. సుందరాబాయి ఎడమకు చూసింది. చౌక్ దాకా రోడ్డు. కుడికి చూసింది. ఎరుపు. గిర్నీ లేదు, మలుపు లేదు, అసలు రోడ్డే లేదు, ఎటు చూసినా ఎర్ర నూలు.

“ఆపు! ఆపవే! గిర్నీ ఎటు పోయింది?”

“యాడికి పోలేదత్తా. లడీల ఎనుకనే ఉన్నది.”

“రోజూ కనపడ్తది గద నాకు!”

“నువ్వు కింద కూసుంటవత్తా. లడీల కిందికెల్లి చూస్తవు, చక్రాలు కనపడ్తయి. నేను ఈడ కూసుంటె నా కండ్లకు సూటిగ నూలే.”

సుందరాబాయి దిగింది. పట్టా మీద కూర్చుంది. గిర్నీ కనపడింది. లేచింది. నూలు. మళ్లీ కూర్చుంది. గిర్నీ, గిర్నీ ముందర ఒక సైకిల్ చక్రం. మళ్లీ లేచింది. నూలే. అలా నాలుగుసార్లు కూర్చుని లేచేసరికి, ముసలమ్మ ఏదో తప్పు చేసి గుంజీలు తీస్తోందనుకున్నారు పోయేవాళ్లు. వారం రోజులు బీడీలన్నీ చెడగొట్టుకుని చేసిన చెకింగ్ అంతా నేల మీద కూర్చునే మనిషి కోసం చేసింది! నేల మీద కూర్చుని ఆటో ఎవరు నడుపుతారు?

“నీకు ముందే ఎర్కనా?” అంది, ఆటో ఎక్కి.

“మొదటి దినం కాంచే ఎర్క.”

“చెప్పవేమే మరి?”

“చెప్తే గోడ కడ్తరు గదత్తా.”

“మరి ఎట్ల తీస్తున్నవే ఇన్ని దినాలు?”

“హారన్ కొడ్త. మార్కండేయుని తల్సుకుంట. కండ్లు మూసుకోని తీస్త.”

“కండ్లు మూసుకోనా!”

“తెరిస్తే మాత్రం ఏం కనపడ్తది?” అని శీతల్ నవ్వింది. అత్త నవ్వలేదు.

ఆ రోజు సాయంత్రం సుందరాబాయి గడప దగ్గర కూర్చుని రోడ్డున పోయే ఒక్కరినీ ఏమీ అనలేదు. వీధికి భయం పట్టుకుంది. గంగాధర్ రంగు చేతులు తుడుచుకుంటూ వచ్చి, “జరమొచ్చిందా వదినె?” అని అడిగాడు. ఆమె లేదంది. “రేపు ఇంజినీరు వస్తుండని రంది పెట్టుకున్నవా? రేపు ఒక్క పోగు గూడ వెదురు మీద వెయ్య. నూలంతా తొట్టిలనే ఉంచుత. ఆయన వచ్చి, చూసి, రాసుకోని పోనీ. ఏమంటవు?” అన్నాడు.

మంచి మనిషి. తడి నూలు తొట్టిలో ఉంటే రంగు మచ్చలు పడుతుందని తెలిసీ అన్నాడు. సుందరాబాయి తలూపింది. ఊపింది గానీ అన్నం దగ్గర కూర్చుంటే ముద్ద దిగలేదు. నోరు విప్పితే గోడ వస్తుంది, ఆటో పోతుంది, శీతల్ చాట ముందుకు వస్తుంది. విప్పకపోతే ఆ పిల్ల రోజూ కళ్లు మూసుకుని రోడ్డెక్కుతుంది.

గురువారం పదకొండున్నరకు ఋషికేశ్ వచ్చాడు. గేటు ముందర కుర్చీ వేశారు. సుందరాబాయి లెక్క చెప్పడం మొదలుపెట్టింది. సైకిల్‌కు ఒక బీడీ అనగానే అతని పెన్ను ఆగింది.

“ఒక బీడీ అంటే ఎన్ని సెకన్లు, మావశీ?”

చుట్టి చూపించింది. ఫోనులో చూస్తే పదకొండు సెకన్లు. మళ్లీ చుట్టమంటే పది. మూడోసారి తొమ్మిది. ఎదురుగా ఒకడు కూర్చుని చూస్తుంటే ఆమె చెయ్యి ఊరుకుంటుందా! “రోజూ చుట్టినట్టు చుట్టండి మావశీ, ఇది కాంపిటీషన్ నాహీ!” అని అతను బతిమాలి, అటు తిరిగి నిలబడ్డాక పదిహేను వచ్చింది. దాంతో గుణించుకుని అన్నీ రాసుకున్నాడు. “ఏక్‌దమ్ బరోబర్! మా ఆఫీసుల గూడ గింత మంచిగ ఎవరు చెప్పరు,” అన్నాడు. నలభై మూడేళ్లలో కుర్చీలో కూర్చున్న మనిషి ఆమె పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. సుందరాబాయి ముఖంలో సంతోషం మాత్రం లేదు.

అతను లేచి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. వెదుళ్లు బోసిగా ఉన్నాయి. గిర్నీ, మలుపు, మలుపులో నిలబడ్డ గేదె, అన్నీ కనపడుతున్నాయి. రెండు దిక్కులూ సాఫ్ అని ఫైలులో రాసి, “చూసింది మీరే కాబట్టి సంతకం చేయండి మావశీ,” అని పెన్ను ఇచ్చాడు. గేటు రెక్క పట్టుకుని నిలబడ్డ శీతల్ ముఖం వెలిగిపోయింది.

సుందరాబాయి ఆ ముఖాన్ని చూసింది. పెన్ను కుర్చీ మీద పెట్టింది. “ఆగు, వస్తున్న,” అని గంగాధర్ ఇంట్లోకి పోయి, తొట్టిలోని తడి లడీలు రెండు చేతులా వాటేసుకుని వచ్చి వెదుళ్ల మీద వేయడం మొదలుపెట్టింది.

“వదినె! వదినె! ఏం చేస్తున్నవు? నీ గేటు కోసమే గద వెయ్యలేదు!” అని గంగాధర్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె వేస్తుంటే అతను తీస్తాడు. అతను తీసింది లాక్కుని ఆమె మళ్లీ వేస్తుంది. ఎర్రనీళ్లు మోచేతుల దాకా కారాయి. ఏమైందో చూద్దామని దగ్గరికి వచ్చిన ఇంజినీరు ఇస్త్రీ చొక్కా మీద హోలీ ముందే వచ్చినట్టు చుక్కలు పడ్డాయి. “కాయ్ ఝాలం, ఏమైంది మావశీ?” అని అతను మొత్తుకున్నాడు.

“నువ్వు పోయి ఆటోల కూసో. డ్రైవర్ సీట్ల. ఆఁ, కూసున్నవా? గిప్పుడు కుడికి చూడు. ఏం కనపడ్తున్నది?”

“ఎర్రగ... నూలు.”

“గిర్నీ?”

“నాహీ.”

“రోజూ గిట్లనే ఉంటది. ఇయ్యాల నీ కోసం తీసి పెట్టిండు గాయన. నేను కింద కూసోని చూసి, అంతా కనపడ్తున్నదని నీకు చెప్పిన. నా చెకింగ్ తప్పు. మొత్తం ఛాట్. గదే రాసుకో!”

శీతల్ ఒక్కసారిగా భగ్గుమంది. “ఎందుకు చెప్పినవత్తా? నిన్నెవరు అడిగిండ్రు? హారన్ కొట్టుకుంట తీస్తున్న గద నేను! ఇగ గోడ కడ్తరు. ఆటో పోతది. నన్ను మళ్ల ఆకు ముందర కూసోబెడ్తవు. గదే గదా నీకు కావాలె!”

పోయేవాళ్లు ఆగిపోయారు. ఈ మాటకు సుందరాబాయి ఎంత జవాబు ఇస్తుందోనని అందరూ కాచుకున్నారు. ఆమె గొంతు లేవలేదు.

“బీడీ ఛాటయితే ఇంకోటి చుట్టుకుంట బిడ్డా. నువ్వు పోతే ఏ ఆకుతోని చుట్టుకోవాలె నేను? కండ్లు మూసుకోని తీస్త అంటివి. ఆ మాట ఇన్న కాంచి నాకు ముద్ద దిగుతలేదు. నాకు భయమైతున్నదే, శీతల్.”

శీతల్ గేటు రెక్క వదిలేసింది. అలా నిలబడే ఏడ్చింది. “నాకు గూడ భయమే అత్తా,” అంది చివరికి. “రోజూ గేటు దాటినంక చౌక్ దాకా కాళ్లు వణుకుతయి.” అత్త దగ్గరికి తీసుకుంది. కోడలి చీర వీపంతా ఎర్రచేతులు అచ్చుపడ్డాయి.

ఋషికేశ్ చొక్కా మీది చుక్కలు తుడుచుకున్నాడు. గోడ అయినా కట్టాలి, నూలు అయినా తీయాలి, తన చేతిలో ఏమీ లేదన్నాడు. అందరూ గంగాధర్ వైపు చూశారు.

“ఆయన నూలు జోలికి పోవద్దు,” అంది సుందరాబాయి. “ముప్పై ఏండ్ల సంది ఆయన ఈడ ఆరేసుకుంటున్నడు. మా గేటు మొన్న మొన్నటిది.”

“నేనేమన్న అన్ననా వదినె?” అని గంగాధర్ చిన్నబుచ్చుకున్నాడు.

ఇంజినీరుకు ఏం తోచిందో, గోనెపట్టా మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. కుడికి చూశాడు. లేచి ఆటోలో కూర్చుని చూశాడు. మళ్లీ పట్టా మీదికి వచ్చాడు. సుందరాబాయి నిన్న తీసిన గుంజీలన్నీ ఇవాళ అతను తీశాడు. ఆఖరికి టేపు లాగి, సీట్లో కూర్చున్న శీతల్ కళ్ల దగ్గర నుంచి నేల దాకా కొలిచాడు. “మావశీ, మీ చెకింగ్ పూరా తప్పు కాదు. కిందికెల్లి కనపడ్తది అన్నది నిజమే గద? వెదుళ్లు రెండున్నర అడుగులు పైకి పోతే ఈమెకు గూడ కిందికెల్లే కనపడ్తది.”

“నా చెయ్యి అందాలె గద సాయబ్!” అన్నాడు గంగాధర్.

“పీట ఎక్కు,” అంది సుందరాబాయి. అప్పటికి ఆమె గొంతు తిరిగి వచ్చింది.

“పీట మీదికెల్లి పడితే?”

“నువ్వు పడేది ఎంత ఎత్తుకెల్లి గనుక?”

కళ్లు తుడుచుకుంటూ శీతల్ మధ్యలోకి వచ్చింది. “బాబాయ్, పైన గిలకలు పెట్టి తాడు కడ్దాం. వెదురు కిందికి దింపి లడీలెయ్యి, పైకి గుంజి కట్టెయ్యి.” గంగాధర్ బాగానే ఉందన్నాడు. ఇంజినీరు వారం గడువిచ్చి, అంతదాకా గేటుకు తాళం వేయించి, చొక్కా చూసుకుంటూ పోయాడు. ఆ వారం రోజులూ ఆటో రోడ్డు మీదే ఉంది. సుందరాబాయి పట్టాను దాని పక్కకు జరుపుకుని, దగ్గరికొచ్చిన ప్రతి టెంపోనూ నాలుగు తిట్టి దూరం పంపింది.

సంతోష్, గంగాధర్ కలిసి నిలువు కర్రలు పాతి, గిలకలు బిగించారు. గంగాధర్ మొదటిసారి తాడు లాగినప్పుడు పచ్చ నూలు మెల్లగా పైకి లేస్తుంటే, బడికి పోయే పిల్లలు వరుసగా నిలబడి జెండాకు కొట్టినట్టు సలాం కొట్టారు. గంగాధర్ కూడా మర్యాదగా తిరిగి సలాం కొట్టాడు.

గురువారం ఋషికేశ్ పాత చొక్కా వేసుకుని వచ్చాడు. డ్రైవరు సీట్లో తాను కూర్చుని చూశాడు, శీతల్‌ను కూర్చోబెట్టి అడిగాడు. సుందరాబాయి ఈసారి సీటెక్కి రెండు దిక్కులా చూశాకే, వంకర అక్షరాలతో సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె మామూలుగా గడప ముందర కూర్చుంది. గేటు తెరుచుకున్న చప్పుడైంది. హారన్ మోగుతుంది గదా, అప్పుడు కాళ్లు ముడుచుకుందాం అనుకుంటూ ఉండగానే ఆటో చప్పుడు చేయకుండా వాలు మీదికి వచ్చి నిలబడింది.

“హారన్ కొట్టవేందే!” అని చాట పక్కకు నెట్టి అరిచింది.

శీతల్ కుడికి తల తిప్పింది. పచ్చ నూలు కిందుగా గిర్నీ దాకా చూసింది. ఒక సైకిల్‌ను పోనిచ్చింది.

“కనపడ్తున్నదత్తా!” అని అత్త కంటే గట్టిగా అరిచి, ఎడమకు తిప్పుకుని చౌక్ వైపు పోయింది.

ఆ వెనకే పొగ కక్కుతూ వచ్చిన సిటీ బస్సును కూడా సుందరాబాయి ఛాట్ అనకుండా పోనిచ్చింది.